లక్షా పన్నెండు వేలు తిరిగిన బండినే ఎందుకు కొనిపించాను

2024 ఫిబ్రవరి రెండో వారంలో అల్లూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు నా కార్ల మరమ్మతు షెడ్డుకు వచ్చారు. ఆయన ఫోనులో మూడు బండ్ల ఫొటోలున్నాయి. మూడూ ఒకే మోడల్: 2017లో తయారైన, ఏడు సీట్ల, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఉన్న జర్మన్ ఎస్‌యూవీ. కొత్తగా వచ్చినప్పుడు దాని ధర 80 లక్షలకు అటూ ఇటూ ఉండేది. "అన్నా, నా దగ్గర 25 లక్షలున్నాయి. వీటిలో ఏది తీసుకోమంటారో చెప్పండి" అన్నారు. నెల్లూరులో షెడ్డు పెట్టి ఇరవై మూడేళ్ళయింది. ఈ ప్రశ్నతో నెలకు ఇద్దరు ముగ్గురు వస్తూనే ఉంటారు. ఈ ఒక్క కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. కొనక ముందు వేసిన లెక్క, కొన్నాక ఇరవై నెలల్లో నిజంగా అయిన ఖర్చు, రెండూ నా పుస్తకంలో పక్కపక్కన ఉన్నాయి. అలా రెండూ దొరకడం అరుదు.

కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే రకం నిర్మాణం ఉన్న బండ్లు ఒకటి కంటే ఎక్కువ కంపెనీలవి ఉన్నాయి. నేను చెప్పేది వాటన్నిటికీ వర్తిస్తుంది.

మొదట నేను అడిగింది బండి గురించి కాదు. ఈ బండే ఎందుకు కావాలని అడిగాను. అదే డబ్బుకు మంచి ఫార్చ్యూనర్ వస్తుంది, నెల్లూరులో ఏ మూల ఆగినా బాగుచేసే మనిషి దొరుకుతాడు, అమ్మితే డబ్బూ తిరిగి వస్తుంది. ఆయన జవాబు సూటిగా ఉంది. వాళ్ళ అమ్మగారికి డెబ్బై నాలుగేళ్ళు, రెండు మోకాళ్ళూ పోయాయి. నెలకోసారి చెన్నై ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఫార్చ్యూనర్ ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు పట్టుకోవాలి. బంధువుల ఇంట్లో ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగులకు బదులు గాలి సంచుల మీద నిలిచే ఏర్పాటు, ఉన్న బండి చూశారట. మీట నొక్కితే బండి కిందికి దిగింది, అమ్మగారు ఎవరి సాయమూ లేకుండా కూర్చున్నారు. "ఆ రోజు అమ్మ ముఖం చూశానన్నా" అన్నారు. ఆ మాట తర్వాత నేను ఫార్చ్యూనర్ ఊసు ఎత్తలేదు. ఎయిర్ సస్పెన్షన్ ఖర్చుతో కూడినదే. కానీ ఈ మనిషికి అది షోకు కాదు, అవసరం. అందుకే లెక్కంతా దాని చుట్టూ వేయాలనుకున్నాను.

ఒక షరతు మాత్రం పెట్టాను. ఆ 25 లక్షలు బండి ధరకే కాదు. బండి ధర, పేరు మార్పిడి, బీమా, మొదటి రెండేళ్ళ మరమ్మతులు అన్నీ ఆ 25లోనే పట్టాలి. ఆయన కాసేపు మాట్లాడలేదు. 23 లక్షల బండి చూసుకుని వచ్చిన మనిషి ఆయన. చివరికి సరే అన్నారు.

ఫొటోల్లో ఉన్న మూడింటిలో ఒకటి ఢిల్లీ బండి, 15 లక్షలకే. దాన్ని అక్కడే పక్కన పెట్టాను. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లపై నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు కూడా ఖరారు చేశాక, ఆ వయసుకు దగ్గరపడే బండ్లన్నీ చౌకగా దక్షిణాదికి రావడం మొదలైంది. బండి మంచిదే కావచ్చు. కానీ ఎక్కి నడిపి చూడకుండా, ఎత్తి కింద చూడకుండా ఈ తరగతి బండి కొనకూడదు. పైగా పన్ను ఉంది, అది చెన్నై బండి దగ్గర చెబుతాను.

చెన్నై బండి మీటర్లో 46,000 కిలోమీటర్లు. బ్రోకరు చెప్పిన ధర 20 లక్షలు. అప్పటికి మిచౌంగ్ తుపాను వచ్చి మూడు నెలలు కూడా పూర్తిగా గడవలేదు. 2023 డిసెంబరు మొదటి వారంలో చెన్నైలో ఎన్ని బండ్లు నీళ్ళలో మునిగాయో అందరూ చూశారు. అందుకే నేను వెళ్ళగానే సీటు బెల్టులు పట్టుకున్నాను. బెల్టును చివరి దాకా, ఇక రానని మొరాయించే దాకా లాగాలి. సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు, కానీ చుట్టలో లోపలి వరుసల దాకా బెల్టును కడిగేవాళ్ళు తక్కువ. మునిగిన బండికి అక్కడ మట్టి గీత ఉంటుంది. ఈ బండికి లేదు. స్టెప్నీ గుంటలో తుప్పు లేదు, సీటు పట్టాల బోల్టులు శుభ్రంగా ఉన్నాయి. నేను భయపడిన విషయంలో బండి నెగ్గింది.

బండి కంప్యూటర్లను చదివే స్కానర్ పెట్టాక ఓడింది. ఈ బండ్లలో ఇంజన్‌కు, గేరుబాక్సుకు, బ్రేకులకు, సస్పెన్షన్‌కు వేర్వేరు కంట్రోల్ యూనిట్లు, అంటే చిన్న కంప్యూటర్లు, ఉంటాయి. ఏదైనా లోపం కనబడితే ఆ యూనిట్ దాన్ని, అప్పటికి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఆ సంఖ్యతో సహా దాచుకుంటుంది. మీటర్‌ను వెనక్కి తిప్పేవాడు డాష్‌బోర్డులో సంఖ్య మారుస్తాడు, ప్రతి యూనిట్‌లోకీ వెళ్ళడు. గేరుబాక్సు యూనిట్‌లో ఒక పాత లోపం ఉంది. పెద్దదేమీ కాదు, బ్యాటరీ వోల్టేజీ పడిపోయినప్పుడు రాసుకున్నది. దాని పక్కన ఉన్న సంఖ్య 88,214. మీటర్లో 46,000 ఉన్న బండికి 88,214 దగ్గర లోపం ఎలా వచ్చిందని అడిగితే, స్కానర్లు తప్పు చూపిస్తాయన్నాడు బ్రోకరు. నేను స్కానర్ తీసేసి సంచిలో పెట్టుకున్నాను.

ఆ మోసం లేకపోయినా ఆ బండి వద్దనే చెప్పేవాడిని. తమిళనాడు బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచుకోవాలంటే ఆంధ్రప్రదేశ్ నంబరు తీసుకోవాలి. జీవిత పన్నును మనం కొన్న ధర మీద వేయరు. కొత్తగా కొన్ననాటి ధర మీద, బండి వయసును బట్టి తగ్గించిన శాతంతో వేస్తారు. మా ఏజెంటు వేసిన లెక్క ఆరు లక్షలు దాటింది. 80 లక్షల బండి 20 లక్షలకు దొరికిందని సంతోషించేవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి కొంత తిరిగి వస్తుందనేది నిజమే, కానీ అది ఎప్పుడు వస్తుందో నమ్ముకుని బండి కొనలేం. తెలంగాణ బండి అయినా ఇప్పుడు ఇదే లెక్క.

కాబట్టి ఆంధ్రప్రదేశ్ నంబరు ఉన్నవే వెతకమన్నాను. మూడో ఫొటో ఒంగోలు బండిది. నాలుగోది గుంటూరులో నాకు తెలిసిన మెకానిక్ ద్వారా వచ్చింది. అసలు కేసు ఈ రెండింటి మధ్యే.

ఒంగోలు బండి చూస్తే ఎవరికైనా మనసు పారేసుకోవాలనిపిస్తుంది. గ్రానైట్ వ్యాపారంలో ఉన్న ఒక పెద్దమనిషిది. మీటర్లో 41,300. అన్ని యూనిట్లూ వెతికాను, ఆ సంఖ్య నిజమే. చీమకుర్తి గనుల దుమ్ములోకి ఆ బండి వెళ్ళిందే లేదు, దానికి వేరే జీపు ఉంది. ఇది పెళ్ళిళ్ళకు, తిరుమలకు, హైదరాబాదుకు మాత్రమే. రోజంతా షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉండేది. 23 లక్షలు చెప్పి 21.5 దాకా దిగారు. మా రైతు స్టీరింగు మీద చెయ్యి వేసి "ఇదేనన్నా" అన్నారు.

నేను ఆ సాయంత్రం ఒంగోలులోనే ఉండిపోయాను. యజమాని గారు మర్యాదస్తులు, కాదనలేదు. ఏడు గంటలకు బండిని చదునైన గచ్చు మీద నిలిపి, మామూలు ఎత్తులో పెట్టి, ఇంజన్ ఆపి, తలుపులు వేసి తాళం చెవి నా దగ్గరే ఉంచుకున్నాను. టేపు తీసి నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య బిందువు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచి గోడ మీద సుద్దతో రాశాను. మర్నాడు పొద్దున ఆరింటికి మళ్ళీ కొలిచాను. వెనక రెండూ దాదాపు అలాగే ఉన్నాయి, నాలుగు మిల్లీమీటర్ల తేడా. ముందు కుడి 19 మిల్లీమీటర్లు దిగింది. ముందు ఎడమ 27. కంటికి తెలియదు. నిలబడి చూస్తే బండి ఎప్పటిలాగే అందంగా ఉంది.

జాకీ మీద ఎత్తి, చక్రం తీసి, సబ్బు నీళ్ళు చల్లాను. చక్రం మీద బండి బరువు మోసే ఎయిర్ స్ట్రట్‌లో గాలి నిలిపేది రబ్బరు సంచి. అది కిందికి ముడుచుకునే మడత దగ్గర సన్నని గీతలు, ఎండిపోయిన చెరువు మట్టి నెర్రెలు విచ్చినట్టు. ఆ గీతల్లోంచి చిన్న చిన్న బుడగలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. రైతును కిందికి వంగి చూడమన్నాను. ఆయన చాలాసేపు చూశారు.

ఈ బండి తిరిగింది తక్కువే, కానీ ఆ రబ్బరుకు కిలోమీటర్లు తెలియవు. దానికి తెలిసింది ఏళ్ళు, ఎండ. నెల్లూరు, ప్రకాశం ఎండలు కొత్తగా చెప్పాలా? పైగా ఎక్కువ కాలం ఒకే ఎత్తులో నిలిచి ఉన్న రబ్బరు ఒకే మడత దగ్గర పగులుతుంది. గాలి సన్నగా పోతుంటే, గాలి నింపే కంప్రెసర్ మాటిమాటికీ ఆడి ఆ లోటు పూడుస్తుంది. రెండు మూడు నిమిషాలు ఆడి ఆగాల్సిన మోటారు అలా మితిమీరి ఆడితే వేడెక్కి కాలిపోతుంది. అంటే సంచి పగిలితే సంచి ఖర్చే కాదు, కంప్రెసర్‌ను కూడా దానితో కలిపి లెక్క వేయాలి.

మిగతావీ అదే దారి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు 1417. 2017లో పద్నాలుగో వారంలో తయారైన టైర్లు. గాట్లు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, రబ్బరు మాత్రం గట్టిపడి గోటితో నొక్కితే దిగడం లేదు. అలాంటి టైర్లతో వంద దాటిన వేగంలో అమ్మను చెన్నై తీసుకెళ్ళకూడదు. బ్రేకు డిస్కుల అంచుల్లో తుప్పు మెట్టులా పేరుకుంది. గేరుబాక్సు నూనె మొదటి రోజు పోసిందే. ఎనిమిది గేర్ల జెడ్‌ఎఫ్ గేరుబాక్సు అది. నూనె జీవితకాలం ఉంటుందని బండి కంపెనీలు చెబుతాయి. గేరుబాక్సు తయారు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్ళకు మార్చాలనే అంటుంది. ఇంజన్ ముందున్న నీటి పంపు, థర్మోస్టాట్, ప్లాస్టిక్ పైపులు అన్నీ ఏడేళ్ళవి.

ఆ రోజు సాయంత్రం వేసిన లెక్క ఇది. ముందు స్ట్రట్‌లు రెండూ 2,30,000. వెనకవి ఇవాళ బాగున్నా రెండేళ్ళలో వస్తాయి, 90,000. కంప్రెసర్, గాలిని చక్రాలకు పంచే వాల్వు బ్లాకు 95,000. గేరుబాక్సు నూనె, ఫిల్టరుతో కలిసి ఉండే అడుగు పళ్ళెం 52,000. టైర్లు నాలుగు 1,24,000. డిస్కులు, ప్యాడ్లు 70,000. నీటి పంపు, థర్మోస్టాట్, పైపులు 65,000. బ్యాటరీ 28,000. మొత్తం 7,54,000. ఇవి కంపెనీ డబ్బాలో వచ్చే ధరలు కావు. కంపెనీకి సరుకు ఇచ్చే తయారీదారులే తమ పేరుతో అమ్మే విడిభాగాలవి. కంపెనీ డబ్బా కావాలంటే ఇంకా చాలా పెరుగుతుంది. 21.5 లక్షల బండి 29 లక్షలయింది.

"41 వేలే తిరిగింది కదన్నా" అని ఆయన మళ్ళీ అన్నారు. ఆ బాధ నాకు అర్థమైంది. తక్కువ తిరిగిన బండి ఆరోగ్యంగా ఉంటుందనే నమ్మకం మారుతీ, హ్యుందాయ్ కొన్న అనుభవం నుంచి వచ్చింది. అక్కడ అది చాలావరకు నిజమే. ఈ తరగతి బండ్లలో పెద్ద ఖర్చులు ఏడో ఏడు నుంచి పదో ఏడు లోపల వరుసగా వచ్చి పడతాయి. ఆ ఖర్చులు ఎవరి జేబులోంచి పోయాయన్నదే ప్రశ్న. ఒంగోలు బండిలో ఆ ఖర్చు ఒక్క రూపాయి కూడా ఇంకా ఎవరూ పెట్టలేదు. అదంతా కొత్త యజమాని కోసం ఎదురుచూస్తోంది.

గుంటూరు బండి చూడటానికి మార్చి మొదట్లో వెళ్ళాం. మీటర్లో 1,12,000. ముందు బంపరు మీద గీతలు, డ్రైవరు సీటు తోలు పక్కన అరిగింది. రైతు ముఖం చిన్నబోయింది. ముందు రోజే ఫోను చేసి, నేను వచ్చేదాకా బండి స్టార్టు చేయవద్దని చెప్పాను. బానెట్ మీద చెయ్యి వేశాను, చల్లగా ఉంది. తాళం తిప్పమని చెప్పి ఇంజన్ వెనక వైపు చెవి పెట్టాను. ఈ రకం జర్మన్ డీజిల్ ఇంజన్లలో కొన్నింటికి, ఇంజన్ వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ చైన్ ముందు కాదు, వెనక, గేరుబాక్సు వైపు ఉంటుంది. చైన్ గానీ దాన్ని బిగించే టెన్షనరు గానీ అరిగితే చల్లటి ఇంజన్ మొదటి రెండు మూడు సెకన్లలో గలగలమంటుంది, నూనె ఒత్తిడి రాగానే ఆగిపోతుంది. వేడి ఇంజన్‌లో వినబడదు. ఆ చప్పుడు వస్తే గేరుబాక్సో ఇంజనో దింపాల్సిందే, లక్షల్లో పని. ఈ బండి శుభ్రంగా పలికింది. మరోసారి వినాలని నాలుగు గంటలు ఆగి మళ్ళీ స్టార్టు చేయించాను.

తర్వాత యజమాని ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టారు. డాక్టరు గారు. ప్రతి బిల్లూ తేదీ ప్రకారం గుచ్చి ఉంది. ఆ ఫైలు చదవడానికి నాకు గంటన్నర పట్టింది, ఆ గంటన్నరే ఈ కేసులో అన్నిటికంటే విలువైన సమయం. 81,000 దగ్గర గేరుబాక్సు నూనె మార్చారు. 88,430 దగ్గర, 2022లో, ముందు స్ట్రట్‌లు రెండూ, వాటితోనే కంప్రెసర్. అదే ఏడాది నాలుగు టైర్లు. 96,000 దగ్గర నాలుగు డిస్కులు. ఇంజన్ నూనె కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగకుండా ప్రతి పదివేలకూ మార్చారు. చైన్ బాగుండటానికి నా దృష్టిలో ఇదే కారణం. బిల్లుల మీది కిలోమీటర్లు తేదీల వెంట ఎక్కడా తడబడకుండా పెరుగుతూ వచ్చాయి. కాగితం నమ్మి వదల్లేదు. బండి ఎత్తించి స్ట్రట్ మీద అచ్చైన తయారీ తేదీ చూశాను, 2022 అనే ఉంది.

లోపాలు లేవని కాదు. నలభై నిమిషాలు హైవే మీద తిప్పి బానెట్ ఎత్తితే తియ్యటి వాసన వచ్చింది. అది ఇంజన్ వేడిని లాగే కూలెంట్ వాసన. సన్నని కెమెరా దింపి చూస్తే వి ఆకారపు ఇంజన్ మధ్య లోయలో, ఆయిల్ కూలర్ చుట్టూ గులాబీ రంగు పొర ఎండిపోయి ఉంది. సీలు కారుతోంది. భాగం ఖరీదు తక్కువ, దాన్ని చేరడానికి పైనున్నవన్నీ విప్పే కూలి ఎక్కువ. ఇంజన్ బరువు మోసే రబ్బరు మౌంట్లు మెత్తబడ్డాయి. సన్‌రూఫ్ నాలుగు మూలల్లో గ్లాసుడు నీళ్ళు పోసి చూశాను. మూడు మూలల నీళ్ళు చక్రాల వెనక నుంచి కిందికి కారాయి. కుడి ముందు మూలది కారలేదు, గొట్టం పూడుకుపోయింది. దీన్ని చిన్న విషయమనుకోకూడదు. ఆ నీళ్ళు వెనక్కి తన్ని కార్పెట్ కిందికి చేరితే అక్కడున్న కంట్రోల్ యూనిట్లు తడిసిపోతాయి. అదృష్టం కొద్దీ కార్పెట్ కింద పొడిగానే ఉంది. వలలకు వాడే లావు నైలాన్ దారం గొట్టంలోకి మెల్లగా నెట్టి అక్కడే శుభ్రం చేశాను. రాత్రి ఉంచి కొలిస్తే ముందు రెండూ కదల్లేదు, వెనక కుడి 18 మిల్లీమీటర్లు దిగింది.

రెండేళ్ళకు లెక్క: వెనక గాలి సంచులు 90,000, ఆయిల్ కూలర్ 85,000, మౌంట్లు 60,000, గేరుబాక్సు నూనె మళ్ళీ 52,000, ప్యాడ్లు 30,000, బ్యాటరీ 28,000. మొత్తం 3,45,000. దాని పైన, నాకు కనబడని దాని కోసం 1,50,000 వేరుగా పెట్టాను. వెరసి 4,95,000. కూలెంట్ కారడం, వెనక సంచి చూపించి ధర 19.5 నుంచి 17.8 లక్షలకు తెచ్చాం. అంతా కలిపి 22.75. పేరు మార్పిడి, బీమా పోగా 25లో ఇంకా కొంత మిగిలింది.

కారులో తిరిగి వస్తుంటే సింగరాయకొండ దాటే దాకా ఆయన మాట్లాడలేదు. తర్వాత "ఆ డాక్టరు గారు చేయించినవన్నీ మనం చేయించినట్టే కదన్నా" అన్నారు. నేను చెప్పదలచుకున్నది అంతే, ఆయనే నాకంటే బాగా చెప్పారు. ఏప్రిల్‌లో బండి అల్లూరు చేరింది.

ఇప్పుడు కొన్నాక జరిగింది. ఇరవై నెలల్లో 34,000 కిలోమీటర్లు తిరిగింది. వెనక సంచులు 86,000, ఆయిల్ కూలర్ 92,000, బ్యాటరీ 27,500, ప్యాడ్లు 31,000, మూడు ఇంజన్ సర్వీసులు 54,000, గేరుబాక్సు నూనె 54,000. ఇక్కడి దాకా ఇంజన్ సర్వీసులు తప్ప అన్నీ మరమ్మతుల లెక్కలో వేసినవే. మామూలు సర్వీసును అందులో చేర్చకపోవడం నా లోపం. ఊహించనివి రెండు వచ్చాయి.

మొదటిది ఏసీ కంప్రెసర్, 78,000. 2024 జూన్‌లో, నెల్లూరు ఎండ నెత్తి మాడుస్తున్నప్పుడు పోయింది. ఇది నేను పట్టుకోవలసింది. గుంటూరులో ఏసీని మార్చి నెల ఉదయం పూట, నడుస్తున్న బండిలో చూశాను. చల్లగానే వచ్చింది. మధ్యాహ్నం ఎండలో, బండి కదలకుండా, పావుగంట ఆడించి గాలి వేడి కొలిచి ఉంటే దొరికేది. అప్పటి నుంచి ఏ బండి చూసినా మధ్యాహ్నం రెండింటి దాకా ఉంటున్నాను.

రెండోది ఖర్చు 24,000 మాత్రమే, కానీ ఈ తీర ప్రాంతంలో బండి ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. 2025 జనవరిలో బండి వెనక ఒక పక్కకు ఒరిగి, సస్పెన్షన్ దీపం వెలిగింది. గాలి పోవడం లేదు. ఎత్తి చూస్తే ఎత్తును కొలిచే సెన్సారు లింకు రాడ్ కీలు తుప్పుతో బిగుసుకుపోయింది, కనెక్టరు విప్పితే సూదుల చుట్టూ పచ్చగా, తెల్లగా పొడి. ఎనిమిది నెలల్లో అంత తుప్పు ఎలా వచ్చిందో నాకు అంతు చిక్కలేదు. బండి రొయ్యల గుంటల దగ్గర ఎక్కడ నిలుపుతారని అడిగాను. గుంటలో నీళ్ళు చిమ్మే ఏరియేటర్లకు దూరంగానే, చెట్టు కిందనే అన్నారు. ఎవరు కడుగుతారని అడిగాను. కాపలా కుర్రవాడు, రోజూ, శ్రద్ధగా. ఏ నీళ్ళతో? గుంటల దగ్గరి బోరు నీళ్ళతో. ఆ బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. రొయ్యకు పెట్టే నీళ్ళతోనే రోజూ బండి అడుగు భాగం కడుగుతున్నాడు పాపం, శుభ్రంగా ఉంచాలనే. కడగకుండా వదిలేసినా ఇంత చేటు జరిగేది కాదు. ఆ రోజు నుంచి బండిని గుంటల దగ్గర కడగడం మానేశారు. వారానికోసారి ఊళ్ళో మంచినీళ్ళతో అడుగు భాగం కడిగిస్తున్నారు. నాలుగు సెన్సార్ల కనెక్టర్లకూ నీరు చొరని గ్రీజు పెట్టి మూశాను.

మొత్తం 4,46,500. కిలోమీటరుకు 13 రూపాయల పైన. ఈ బండి లీటరుకు పదిన్నర ఇస్తుంది, డీజిల్ అప్పటి 97 రూపాయల చొప్పున కిలోమీటరుకు తొమ్మిది రూపాయల చిల్లర. అంటే ఈ బండి తాగే డీజిల్ కంటే తినే విడిభాగాలు ఎక్కువ. లీటరుకు ఎంత ఇస్తుందని మాత్రమే అడిగి కొనేవాళ్ళకు నేను ఇప్పుడు ఈ లెక్కే చూపిస్తున్నాను. రెండేళ్ళ బీమా మరో 1,20,000. ఈ వయసు బండికి అరుగుదల కోత లేని పాలసీ దొరకలేదు, ఇంజన్‌లోకి నీరు చేరితే చెల్లించే అదనపు రక్షణా దొరకలేదు. అందుకే 2025 అక్టోబరులో మొంథా తుపాను వస్తోందనగానే ముందు రోజే బండిని హైవే పక్కన మెరకలో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టించాను. నీళ్ళలో ఆగిన ఇంజన్‌ను మళ్ళీ స్టార్టు చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, ఆ ఖర్చు మోయడానికి ఎవరూ రారు.

డబ్బు విషయంలో ఆయన చేసిన ఏర్పాటు నాకు నచ్చింది. జీతగాడికైతే నెలకు పాతికవేలు పక్కన పెట్టమంటాను. రొయ్యల రైతుకు నెల జీతం రాదు, పట్టుబడికి వస్తుంది. అందుకని ప్రతి పంట పట్టినప్పుడూ లక్షన్నర విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేస్తూ వచ్చారు. ఆ ఖాతాకు మేత అప్పు, కూలీల లెక్క ఏదీ తగలకూడదని ఇంట్లో మాట. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ రొయ్య ధర ఎలా పడిందో గుంటల గట్ల మీద ఉన్న వాళ్ళకు చెప్పనక్కర లేదు. ఆ నెలలోనే గేరుబాక్సు నూనె గడువు వచ్చింది. వాయిదా వేద్దామా అని అడిగారు. ఖాతాలో ఎంతుందని అడిగాను. ఒక లక్షా పదివేలుంది. మర్నాడే బండి పంపారు. వేరే ఖాతా లేకపోయి ఉంటే ఆ ఏడాది ఆ పని జరిగేది కాదు. నల్లబడిన నూనెతో నడిచిన గేరుబాక్సు మరో ఏడాదికి అంతకు అనేక రెట్లు అడిగేది.

ఒంగోలు బండిని తర్వాత వేరేవాళ్ళు కొన్నారు. ఆ బండి మళ్ళీ నా షెడ్డుకు రాలేదు కాబట్టి దాని గురించి ఏమీ చెప్పలేను.

గుంటూరు బండి ఇప్పుడు 1,46,000 దగ్గర ఉంది. మౌంట్లు ఇంకా మార్చలేదు, డ్రైవరు వైపుది ఇక ఎక్కువ కాలం ఆగదు, సంక్రాంతి దాటగానే చేస్తాను. టైర్ల వయసు మూడేళ్ళు దాటింది, వచ్చే వేసవి ముందు వాటి లెక్క చూడాలి. చైన్ చప్పుడు వినడానికి మూడు నెలలకోసారి బండిని ముందు రాత్రే తెచ్చి నా షెడ్డులో వదిలి వెళతారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నేనే స్టార్టు చేస్తాను. కిందటి వారం విన్నాను, శుభ్రంగా ఉంది. అమ్మగారిని తీసుకుని చెన్నై వెళుతూ దారిలో వచ్చి తీసుకున్నారు. బండి కిందికి దిగింది, ఆవిడ తలుపు పట్టుకుని తనే కూర్చుని, "పనైపోయిందా నాయనా?" అని నన్ను అడిగారు.